మంద వెయ్యిన్నూటపదహారు

పెంచలనరసయ్య మీద కోపం వచ్చిన రోజున నేను ఆయన్ని పొట్టేలును చేశాను. మంత్రం వేసి కాదు, కంప్యూటర్లో. ఆ పని చివరికి నా మెడకే చుట్టుకుంది కాబట్టి, అంత కోపం ఎందుకొచ్చిందో ముందు చెప్పాలి.

ఉదయగిరి చుట్టుపక్కల గొర్రెలు పెంచేవాళ్లంతా కలిసి పెట్టుకున్న సంఘానికి ఆయన ప్రెసిడెంటు. డెబ్బై ఏళ్లుంటాయి. ఏ గదిలోకైనా ముందు మీసం వస్తుంది, తర్వాత ఆయన వస్తాడు. సంఘం ఆఫీసు కింది గదిలో పన్నెండు పాత కంప్యూటర్లు గోనెపట్టాల కింద పడి ఉన్నాయి. ఎవరో పుణ్యాత్ములు దానంగా ఇచ్చినవి. కొన్నింటికి లోపల డిస్కు చచ్చిపోయింది, కొన్నింటికి అసలు డిస్కే లేదు. సంఘంవాళ్లు వాటిమీద తువాళ్లు ఆరేసుకుంటారు. అదే ఆఫీసు మేడమీద ఒక గది ఖాళీగా ఉంది. రెండు కిటికీలు, ఒక ఫ్యాను, ఎత్తయిన కప్పు. నాకు కావలసింది ఆ గది.

కప్పు సంగతి ఎందుకు చెప్పానంటే, ఆత్మకూరు బస్టాండు దగ్గర ఎరువుల అంగడి పక్కన, మెట్ల కింద ఉంది నా షాపు. కంప్యూటర్లు రిపేరు చేస్తాను. కూర్చుంటే షాపు, నిలబడితే బొప్పి. గిరాకీ ఎక్కువున్న రోజు లేవడం ఎక్కువ కాబట్టి బొప్పులూ ఎక్కువ. నెత్తి తడిమి చూసుకుని ఆ రోజు వ్యాపారం ఎలా జరిగిందో చెప్పగలను. పదిమందికి కంప్యూటర్ నేర్పించే సెంటర్ పెట్టాలని నా ఆశ. మెట్ల కింద పదిమంది పట్టాలంటే పడుకోబెట్టి పేర్చాలి.

అందుకే పెంచలనరసయ్య దగ్గరికి వెళ్లి ఒక మాట చెప్పాను. మీ పన్నెండు కంప్యూటర్లనూ నేను బతికిస్తాను, మీ గొర్రెల వివరాలన్నీ వాటిలో పెట్టుకోవచ్చు, బదులుగా ఆ మేడమీది గది నాకివ్వండి అన్నాను. ఆయన మీసం దువ్వుకుని, చూద్దాంలే పాపా అన్నాడు. రెండోసారి వెళ్లినా చూద్దాంలే. మూడోసారి ఆయన ఊళ్లో లేడు, కానీ చూద్దాంలే అని చెప్పి వెళ్లాడట. ఏడోసారి మధ్యాహ్నం దాకా బెంచీ మీద కూర్చోబెట్టి, బయటికొచ్చి, నీకు మిక్సీ బాగుచేయడం వచ్చా అని అడిగాడు.

ఆ సాయంత్రమే ఆయన పొట్టేలయ్యాడు. అప్పటికి నేను 'మంద' అని ఒక ప్రోగ్రాం రాసి ఉన్నాను. ఒక్కో గొర్రెకు ఒక్కో పేజీ. ఫొటో, పేరు, చెవి, గుణం, మేత, టీకా ఎప్పుడు వేశారు, ఎప్పుడు వేయాలి, అన్నీ అందులో కనిపిస్తాయి. పనిచేస్తోందో లేదో చూడటానికి ఏదో ఒక జీవాన్ని ఎక్కించాలి కదా. సంఘం ఫ్లెక్సీలోంచి పెంచలనరసయ్య ఫొటో కత్తిరించి మొదటి పేజీలో పెట్టి, కింద ఇలా రాశాను. జాతి: పొట్టేలు. చెవి: ఉంది, వినదు. గుణం: ఎవరి మాటా లెక్కచేయదు, అడ్డమొస్తే పొడుస్తుంది. మేత: ఎదుటివాళ్ల కాలం. టీకా: ఇంకా వేయలేదు, వెంటనే వేయాలి. రాశాక ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. లేచి నిలబడి బొప్పి కట్టించుకున్నా నొప్పి తెలియలేదు.

ఇప్పుడు చచ్చిన కంప్యూటర్లు ఎలా లేస్తాయో చెప్పాలి. లినక్సుతో లైవ్ సిస్టం అని ఒకటి తయారుచేయవచ్చు. మొత్తం పెన్‌డ్రైవ్‌లోనే ఉంటుంది. దాన్ని గుచ్చి ఆన్ చేస్తే, లోపల డిస్కు ఉందా పోయిందా అని అడక్కుండా కంప్యూటర్ లేచి కూర్చుంటుంది. అది తయారు కావాలంటే రెండు వేల దాకా చిన్న చిన్న ప్యాకేజీలు కావాలి. అక్షరాలకు ఒకటి, బొమ్మలకు ఒకటి, శబ్దానికి ఒకటి, ఇలా. మామూలుగా వీటిని ప్రతిసారీ నెట్‌లోంచి తెచ్చుకుంటుంది. మా వైపు నెట్ వాన పడితే పోతుంది, ఎండ కాస్తే అలుగుతుంది. అందుకని నేను ఒకేసారి ఆ ప్యాకేజీలన్నీ దించి ఒక హార్డ్ డిస్కులో పోసి పెట్టుకున్నాను. దాన్ని గాదె అని పిలుస్తాను. ఇంట్లో గాదె నిండుగా ఉన్నవాడు పూటపూటకీ అంగడికి పరిగెత్తడు కదా. పైగా నేను రాసిన మంద ఏ అంగట్లోనూ దొరకదు, నా గాదెలో తప్ప.

గాదెకు ఒక పట్టీ ఉంటుంది. లోపల ఏమేం ఉన్నాయో, ఒక్కోదాని నంబరెంతో అందులో రాసి ఉంటుంది. లైవ్ సిస్టం తయారయ్యేటప్పుడు ఆ పట్టీ చూసి ఒక్కో ప్యాకేజీ తీసుకుంటుంది. ఒకే పేరుతో రెండు మూడు కనిపిస్తే, పెద్ద నంబరున్నది కొత్తదని దాన్నే తీసుకుంటుంది. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి. నేను పెట్టుకోలేదు.

మందను, ఆ పొట్టేలు పేజీతో సహా, మొదటిసారి ప్యాకేజీగా కట్టి గాదెలో పెట్టే రోజున మా కామయ్య మామను పిలిచాను. మామ మా అమ్మ తమ్ముడు. అనంతసాగరం దగ్గర పల్లెలో తొంభై గొర్రెలున్నాయి ఆయనకు. చెవి మడత, కొమ్ము వంకర, నట్టల మందు, ఈ విద్యలన్నీ నాకు చెప్పి మందను రాయించింది ఆయనే. మా చుట్టాల్లో మామ చెయ్యి మంచిదని పేరు. ఎవరు విత్తనం చల్లినా మొదటి పిడికిలి మామదే. ఎవరు అంగడి తెరిచినా మొదటి బేరం మామదే. నేను మెట్ల కింద షాపు తెరిచిన రోజున, ఆడపిల్లకు ఇదేం పని అని మిగతావాళ్లంతా మొహం చాటేస్తే, షేర్ ఆటోలో వేలాడుతూ వచ్చి ఒక మౌసు కొన్నది మామ ఒక్కడే. ఆయనకు కంప్యూటర్ లేదు. ఆ మౌసు ఇప్పటికీ ఆయన ఇంట్లో దేవుడి పటాల పక్కన ఉంది.

మామ వచ్చి, మెట్టుకు తల కొట్టుకుని, కూర్చున్నాడు. టెంకాయ కొట్టాం. తెరమీద ప్యాకేజీ పేరు మంద అని నేనే కొట్టి, నంబరు దగ్గర ఆగి, ఇది మొదటిది మామా, నంబరు నీ చేత్తో కొట్టి ఎంటర్ నొక్కు అని చెప్పాను. కర్పూరానికి అగ్గిపెట్టె తేవడానికి పక్క అంగడికి వెళ్లాను. వచ్చేసరికి ఎంటర్ నొక్కేసి, చేతులు కట్టుకుని, గుళ్లో పూజారిలా కూర్చుని ఉన్నాడు. ఏం కొట్టావని నేను అడగలేదు. మొదటిదంటే ఒకటి కాక ఇంకేం కొడతాడు?

ఆ గాదెతో మొదటి పెన్‌డ్రైవ్ తయారుచేశాం. ఉదయగిరిలో చెక్క గరిటెలు చెక్కేవాళ్ల దగ్గర దానికి చెక్క తొడుగు కూడా చేయించాను, గరిటె తలలాగా గుండ్రంగా. మామ దాన్ని ఊళ్లో చూపిస్తానని తీసుకెళ్లి, నాలుగు రోజుల తర్వాత, షేర్ ఆటోలో పడిపోయిందని ఫోన్ చేశాడు. గాదె ఉండగా పెన్‌డ్రైవ్ ఎంత, పోతే పోయిందనుకున్నాను.

తర్వాత ఎనిమిదోసారి ఉదయగిరి వెళ్లాను. ఆశ్చర్యం, పెంచలనరసయ్య ఆ రోజు చూద్దాంలే అనలేదు. నేను నోరు తెరవకముందే, ఇరవయ్యో తేదీ పదకొండు గంటలకు సంఘం మీటింగు ఉంది, అప్పటికి పన్నెండూ లేచి నిలబడితే గది నీదే అన్నాడు. లేవకపోతే ఆ మధ్యాహ్నమే పాత సామాన్ల సిద్ధయ్య ఆటో తెచ్చి తూకానికి పట్టుకుపోతాడని కూడా చెప్పాడు. నా పట్టుదల చూసి ఆయన మనసు కరిగిందనుకున్నాను. మనుషుల గురించి నేను వేసే అంచనాలు ఎప్పుడూ ఇంతే.

గది వచ్చేలా ఉంది కాబట్టి కోపం పోయింది. కోపం పోయాక భయం వచ్చింది. మొదటి పేజీలో ఉన్న పొట్టేలును మీటింగులో సంఘమంతా చూస్తే? వెంటనే ప్రెసిడెంటును తీసేసి, ఆ చోట మామ మందలోని నల్లమచ్చల పొట్టేలు ఫొటో పెట్టాను. ప్యాకేజీ కట్టాను, రెండు అని నంబరిచ్చాను, గాదెలో పెట్టాను, పట్టీ తిరగరాయించాను, పెన్‌డ్రైవ్ తయారుచేసి గుచ్చాను. మీసం కనిపించింది.

ఏదో మరిచి ఉంటానని మళ్లీ చేశాను, మూడు అని నంబరిచ్చి. మీసం. పెన్‌డ్రైవ్ మార్చాను. మీసం. నాలుగు. పొద్దున్నే తలస్నానం చేసి కట్టాను. మీసమే. ప్రోగ్రాంను నేరుగా నా ల్యాప్‌టాప్‌లో నడిపితే ఏ గొడవా లేదు, నల్లమచ్చల పొట్టేలు బుద్ధిగా నిలబడి ఉంటుంది. ల్యాప్‌టాప్‌లో పొట్టేలు, పెన్‌డ్రైవ్‌లో ప్రెసిడెంటు. ఒక్కోసారి తయారు కావడానికి ముప్పావు గంట. మూడు రోజులు ఆయన్ని తరిమాను, మూడు రోజులూ ఆయన తిరిగొచ్చాడు. తెలిసినవాళ్లను ఎవరినైనా అడుగుదామంటే, ఏమైందో చూపించమంటారు. చూపిస్తే ఇంకేముంది, సాయంత్రానికి ఆ ఫొటో కలిగిరి దాకా ఫోన్లలో తిరుగుతుంది.

ఇరవయ్యో తేదీ తెల్లవారగానే ల్యాప్‌టాప్, గాదె, చెక్క తొడుగుల్లో పన్నెండు పెన్‌డ్రైవ్‌లు సంచిలో వేసుకుని మామతో కలిసి ఉదయగిరి బస్సెక్కాను. పన్నెండింటిలోనూ మీసముంది. ఐదో నంబరు కూడా కట్టాను, దానిలోనూ ఉంది. దారి పొడుగునా మామ, నా చెయ్యి పడినాది, ఏం కాదులే అంటూనే ఉన్నాడు. నాకు కిటికీలోంచి దూకాలనిపించింది.

ఆఫీసులో రేణుకాదేవి అక్క తాళం తీసింది. ఆమె సంఘం గుమాస్తా. చక్కని దస్తూరి కాబట్టి ఆ చుట్టుపక్కల ఏ పెళ్లి జరిగినా చదివింపులు రాసేది కూడా ఆమే. ఎవరెంత కట్నం చదివించారో రాసుకుని, మైకులో గుక్క తిప్పుకోకుండా చదివి వినిపిస్తుంది. మేం వెళ్లేసరికి సిద్ధయ్య వాకిట్లో ఆటో నిలిపి తూకం కాటా దించుకుంటున్నాడు. తొమ్మిదైంది. నెట్ ఉందా అక్కా అని అడిగాను. రోడ్డు తవ్వినప్పుడు తీగ తెగింది, వారమైంది అంది.

నా ల్యాప్‌టాప్ తెర చిన్నది, అది కూడా ఒక మూల పగిలింది. సంఘం పెద్ద తెరల్లో ఒకదాన్ని దులిపి దానికి తగిలించుకుని, గాదె తెరిచి, పట్టీలో ఎక్కడ తప్పుందో వెతకడం మొదలుపెట్టాను. సిద్ధయ్య లోపలికి వచ్చి ఒక్కో మానిటర్‌నూ రెండు చేతులతో ఎత్తి చూసి దించుతున్నాడు. ఇది ఆరు కేజీలు, ఇది ఐదున్నర అని తనలో తాను చెప్పుకుంటున్నాడు. నా కడుపు మండిపోయింది. ఇంకా ప్రాణం ఉండగానే కొలతలు తీస్తావేంటని అడిగాను. అలవాటు పాపా అని ఇంకోటి ఎత్తాడు.

అప్పుడే రేణుకాదేవి అక్క టీ గ్లాసులు తెచ్చి నా వెనక నిలబడింది. పెద్ద తెర మీద మంద పేరుతో ఉన్న ప్యాకేజీలన్నీ వరసగా ఉన్నాయి. ఆమె కళ్లు అలవాటుగా పేర్ల పక్కనున్న అంకెల మీదికి పోయాయి.

"ఇదేం చదివింపు రజినీ? అందరూ రెండు, మూడు, నాలుగు, ఐదు చదివిస్తే, ఈయనెవరో వెయ్యిన్నూటపదహార్లు చదివించినాడే!"

చూశాను. నా పగిలిన చిన్న తెరమీద పేర్లకు చోటు చాలక మొదటిదాని నంబరు 'ఒకటి' దగ్గరే తెగిపోయి, పక్కన చుక్కలు మాత్రమే కనిపించేవి. ఇక్కడ పూర్తిగా ఉంది. వెయ్యిన్నూటపదహారు. వెనక్కి తిరిగాను. మామ కిటికీలోంచి కొండ వైపు చాలా శ్రద్ధగా చూస్తున్నాడు.

"నంబరు నువ్వేనా కొట్టింది?" అన్నాను.

"మొదటిది అంటివి గదా," అన్నాడు మామ. "శుభమా అని మొదలుపెడతా ఉంటే ఒంటి ఒకటి ఎవురన్నా కొడతారా? వడ్లు కొలిచేటప్పుడు కూడా లాభం, రెండు, మూడు అనే గదా మనం అనేది. లాభం అని కొడదామని చూసినా, ఆడ అక్షరాలు పడలా. అంకెలే పడతా ఉండాయి. అందుకని నూటపదహారు అనుకున్నా. మేనకోడలికి నూటపదహారేంది, అలుసుగా ఉంటాదని వెయ్యి కలిపినా."

మూడు రోజులు. నాలుగు ప్యాకేజీలు. రెండు తలస్నానాలు. కంప్యూటర్ తప్పేమీ లేదు పాపం. వెయ్యిన్నూటపదహారు ముందు ఐదు ఏ మూలకు? నేను ఎన్ని కొత్తవి కట్టి పెట్టినా, పట్టీ చూసి, ఇవన్నీ పాతవి, అదే కొత్తది అనుకుని ప్రతిసారీ దాన్నే, ఆ మీసాన్నే, తీసుకెళ్లి పెన్‌డ్రైవ్‌లో పెట్టింది. గాదె కింద పందికొక్కు ఉంటుందని విన్నాను గానీ, దానికి టెంకాయ కొట్టి మరీ నేనే లోపలికి పంపానని తెలియలేదు.

చెయ్యాల్సింది చాలా చిన్న పని. ఆ వెయ్యిన్నూటపదహారును గాదెలోంచి చెరిపేయాలి. చెరపబోయాను. మామ నా చెయ్యి పట్టుకున్నాడు.

"నా చేత్తో పెట్టినదాన్ని నా కళ్లముందే తుడిచేస్తావా? అదీ ఈ పొద్దు?"

తిట్టడానికి నోరు తెరిచాను. చాలా మాటలు సిద్ధంగా ఉన్నాయి, కొన్ని ఆయన గొర్రెల వంశాల దాకా పోయేవి. కానీ ఆయన మొహం చూశాను. మౌసు కొన్న రోజున ఉన్న మొహమే. ఈ ప్రపంచంలో నేను బాగుపడతానని నాకన్నా ముందు నమ్మిన మనిషి, ఆ నమ్మకాన్ని నాలుగంకెల్లో కొట్టి పెట్టాడు. నేను దాన్ని చెరపలేను. కోపంతో ఏడుపొచ్చింది. ఏడుస్తూనే, సరే చెరపను, కానీ దానికన్నా పెద్ద నంబరు ఒకటి చెప్పు అన్నాను. మామ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. రెండు వేల నూటపదహారు అన్నాడు. చెప్పి ఊరుకోలేదు, తానే కొడతానన్నాడు. రెండు దొరికింది. మొదటి ఒకటి దొరికింది. రెండో ఒకటికి ఇంకో మీట ఉంటుందేమోనని వెతికాడు. ఆరు చివరికి నేను చూపించాను. మొదటిసారి మూడు ఒకట్లూ ఎలా కొట్టాడో ఆ చెయ్యికే తెలియాలి.

నెట్ లేకుండా ఇదంతా ఎట్ట తయారవుతాదని రేణుకాదేవి అక్క అడిగింది. గాదె ఉండాది అక్కా అన్నాను. ఆ మూడు రోజుల్లో మొదటిసారి ఆ మాట గర్వంగా అన్నాను. పట్టీ తిరగరాయించి మొదలుపెట్టాను. తెరమీద పేర్లు వరసగా దొర్లిపోతున్నాయి, గాదెలోంచి అక్షరాలు వచ్చాయి, బొమ్మలు వచ్చాయి, శబ్దం వచ్చింది. ఊరంతా నెట్ లేక ఫోన్లు పైకెత్తుకుని తిరుగుతుంటే, మాకు రెండు వేల ప్యాకేజీలు ఒక్కటి కూడా అలగకుండా వచ్చాయి. చివర్లో మంద వచ్చింది, పక్కన రెండు వేల నూటపదహారు అని. మామ దండం పెట్టుకున్నాడు. నేనూ పెట్టుకున్నాను, ఎవరూ చూడకుండా.

పెన్‌డ్రైవ్‌లు రాయడం అయ్యేసరికి పదకొండుకు పది నిమిషాలు. ఒక్కొక్కటీ గుచ్చుకుంటూ పోయాం. పదకొండు లేచాయి. పన్నెండోది గురగురమని శబ్దం చేసి, నల్లగా ఉండిపోయింది. సిద్ధయ్య వచ్చి దాని దగ్గర నిలబడ్డాడు. మామ దాని నెత్తిన చెయ్యి పెట్టాడు. లేచింది. అంతకుముందే నేను వెనక తీగ సరిచేశాను, కానీ ఆ సంగతి ఇప్పటిదాకా మామకు చెప్పలేదు. పన్నెండు తెరల మీదా నల్లమచ్చల పొట్టేలు నిలబడింది. మీసం ఎక్కడా లేదు.

మీటింగుకు నలభై మంది దాకా వచ్చారు. పెంచలనరసయ్య అందరికన్నా ముందు వచ్చి మొదటి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. తెరకేసి చూశాడు. కళ్లజోడు పెట్టుకుని మళ్లీ చూశాడు. తర్వాతి పేజీ నొక్కాడు, ఇంకో గొర్రె. ఇంకోటి నొక్కాడు. వెనక్కి వచ్చాడు. లేచి రెండో కంప్యూటర్ దగ్గరికెళ్లి అదీ చూశాడు. నా వైపు తిరిగాడు.

"నేను యాడ?"

మీరు ఇక్కడే ఉన్నారు కదా అన్నాను. అంతకన్నా మంచి మాట తోచలేదు. ఆయన చొక్కా లోపలి జేబులో చెయ్యి పెట్టి ఏదో తీసి బల్లమీద పెట్టాడు. గరిటె తలలాంటి చెక్క తొడుగు. లోపల పెన్‌డ్రైవ్. షేర్ ఆటోలో పడిపోయిన పెన్‌డ్రైవ్.

మామ వైపు చూశాను. మామ ఫ్యాను వైపు చూస్తున్నాడు. నేను ఏడుసార్లు తిరిగినా పని కాలేదని, తన చేత్తో ప్రెసిడెంటుకు ఇస్తే కలిసొస్తుందని, ఆ మొదటి పెన్‌డ్రైవ్ తీసుకొచ్చి ఈయన చేతిలో పెట్టాడన్నమాట. అందులో ఏముందో మామ చూడలేదు. ఈయన చూశాడు. గది పోయింది, కంప్యూటర్లు పోయాయి, ఉదయగిరిలో కాలు పెట్టే దారి కూడా పోయింది. వాకిట్లో సిద్ధయ్య కాటా సరిచేసుకుంటున్న చప్పుడు వినిపించింది. క్షమించమని అడగబోయాను. ఏదో కోపంలో రాశానని మొదలుపెట్టాను కూడా.

పెంచలనరసయ్య చెయ్యెత్తి నన్ను ఆపి, సంఘం వైపు తిరిగాడు. ఆ పేజీ ఆయనకు కంఠతా వచ్చు. మనవరాలు అశ్విత తన కంప్యూటర్లో పెట్టి చూపించిందని, చూడగానే తన ఫొటో వచ్చిందని చెప్పి, గొంతు సవరించుకుని చదివాడు. పొట్టేలు. చెవి ఉంది, వినదు. ఎవరి మాటా లెక్కచేయదు. అడ్డమొస్తే పొడుస్తుంది. ఒక్కో ముక్కకూ నలభై మందీ తలలూపారు. అప్పుడు వెలిగింది నా బుర్రకు. నేను రాసింది తిట్టు, మనిషికి. పొట్టేలుకు అవన్నీ మెచ్చుకోళ్లు. మందలో పిలిస్తే వచ్చే పొట్టేలును, ఎవరొచ్చినా పక్కకు తప్పుకునే పొట్టేలును ఎవరుంచుకుంటారు? గొర్రెలవాళ్ల ఇంట్లో పుట్టి ఆ మాత్రం తెలియకుండా పోయింది నాకు.

"యాభై ఏండ్లుగా ఈ సంఘంలో ఉండా," అన్నాడు పెంచలనరసయ్య. "ఎన్నో దండలేసినారు, ఎన్నో సన్మానాలు చేసినారు. నన్ను ఇంత సరిగ్గా చెప్పినోళ్లు లేరు. అందుకే ఈ పాపను రమ్మన్నా. వచ్చి చూస్తే నన్నే తీసేసినాది."

మేత ఎదుటివాళ్ల కాలం అన్నదొక్కటి తనకు అర్థం కాలేదని, అదేదో కొత్తరకం గడ్డి అనుకున్నానని కూడా చెప్పాడు. నేను నేల చూపులు చూశాను. ఆయన అక్కడితో ఆగలేదు. అందులో ఇప్పుడు ఒక తప్పుంది, దాన్ని దిద్దాలి అన్నాడు. చొక్కా చెయ్యి మడిచి జబ్బ చూపించాడు. మీటింగుకు మూడు వారాల ముందు కాలికి ముళ్లతీగ గీసుకుందట. ధనుర్వాతం సూది వేయించుకోమని ఇంట్లో అందరూ చెప్పారట. ఈయన ఏమన్నాడో వేరే చెప్పాలా, చూద్దాంలే అన్నాడు. సరిగ్గా ఆ రోజుల్లోనే పెన్‌డ్రైవ్ వచ్చింది, ఫొటో కింద 'టీకా: ఇంకా వేయలేదు, వెంటనే వేయాలి' అని కనిపించింది. ఇంట్లోవాళ్లు చెప్పకుండా కంప్యూటర్‌కెలా తెలిసిందని జడుసుకుని, ఆ పూటే ఆస్పత్రికి పోయి సూది వేయించుకున్నాడు.

"వేసినారు అని మార్చు," అన్నాడు. "నా పేజీ మొదట ఉండాల. పొట్టేలు ముందు లేకుండా మంద యాడికి పోతాది?"

గది సంగతి నేను అడగలేదు. రేణుకాదేవి అక్కే వచ్చి తాళంచెవి నా చేతిలో పెట్టింది. పైన ఫ్యాను కొంచెం గీక్కుంటుంది, నూనె వెయ్యాలి అని చెప్పింది. సిద్ధయ్య కాటా ఆటోలో పెట్టుకున్నాడు. పోతూ పోతూ తన దగ్గర ఇంకో రెండు పాత కంప్యూటర్లున్నాయి, వాటినీ లేపుతావా అని అడిగాడు. నాకు చాలా సంతోషంగా ఉంది. అంత సంతోషంలో కూడా మామను తిట్టాలనే ఉంది. రెండూ ఒకేసారి చేశాను.

మధ్యాహ్నం ఆ పెద్దతెర ముందే కూర్చుని ప్రెసిడెంటును తిరిగి మొదటి పేజీలోకి ఎక్కించాను. మేత తీసేసి పచ్చగడ్డి అని రాశాను. టీకా దగ్గర 'వేశారు' అని, తేదీతో సహా రాశాను. ఆయన పక్కనే నిలబడి, మీసం సగం తెగకుండా ఫొటో పెట్టించుకున్నాడు. ప్యాకేజీ కట్టే దగ్గరికి వచ్చేసరికి నంబరు దగ్గర ఆగాను. మామ అప్పటికే వేలు చాపుకుని సిద్ధంగా ఉన్నాడు.

మూడు వేల నూటపదహారు కొడితే, ఇక ఆ గాదెలోంచి ఏ పెన్‌డ్రైవ్ చేసినా, ఏ ఊళ్లో ఏ కంప్యూటర్ లేపినా, ముందుగా ఈయనే వస్తాడు. నాకు బాగా తెలుసు. చెప్పాను కదా, పెద్ద నంబరే గెలుస్తుంది. అయినా కీబోర్డు మామ వైపు జరిపాను. ఆయన ఈసారి రెండో ఒకటి కోసం వెతకలేదు.

ఇప్పుడు నా సెంటర్ ఆ మేడమీది గదిలోనే నడుస్తోంది. ఎన్నిసార్లు లేచినా తల ఎక్కడా తగలదు. చేజర్ల నుంచి కూడా నేర్చుకోవడానికి వస్తున్నారు. వచ్చినవాళ్లందరికీ మొదటి రోజు పెన్‌డ్రైవ్ ఇచ్చి గుచ్చమంటాను. ఈ మీసాలాయన ఎవరు అని అడుగుతారు. టీకా వేయించుకున్న పొట్టేలు అని చెప్పి, గాదె పాఠం అక్కడి నుంచే మొదలుపెడతాను.